సున్నంతో చేసిన రాయి: మత్సుమోతో కైచి ప్రాథమిక పాఠశాల, ఒక కేస్ స్టడీ

కోస్తాలో ఒక పట్టణం. పాత బజారు వెనక మునిసిపల్ ప్రాథమిక పాఠశాల. టేకు వాసాల మీద ఇటుకలు పేర్చి వేసే మద్రాసు టెర్రస్ కప్పు, టేకు దూలాలు, గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు. పెద్ద గుమ్మం పైన ఎవరో మేస్త్రీ సున్నంతో రెండు చిలకలు చేసి పెట్టాడు. ఒకదాని ముక్కు విరిగిపోయింది. రెండోదాని రెక్క మీద ఈకల గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. సున్నం పచ్చిగా ఉన్నప్పుడే ఏదో పుల్లతో గీసినట్టున్నాయి.

ఆ భవనం ఎలా ఉందో చూసి చెప్పమని నన్ను పిలిచారు. పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. ఒక రోజంతా చూశాను. రెండు గదుల్లో దూలాల చివర్లు గోడలోకి దిగిన చోట పుచ్చిపోయాయి, మిగతాదంతా గట్టిగానే ఉంది, బాగుచేసుకోవచ్చు అని రాసిచ్చాను. పూర్తి కొలతలు తీసి డ్రాయింగులు వేయడానికి వచ్చే సోమవారం వస్తానన్నాను. సోమవారం వెళ్ళేసరికి అక్కడ ఇటుక ముక్కలు, దుమ్ము. "శనివారం పొద్దున్నే మిషను వచ్చిందమ్మా, సాయంత్రానికల్లా అయిపోయింది" అన్నాడు వాచ్‌మన్. నా దగ్గర మిగిలినవి పదకొండు ఫోటోలు, గుమ్మం వెడల్పు రాసుకున్న ఒక కాగితం. చిలకల కొలత కూడా తీసుకోలేదు.

కూలగొట్టిన వాళ్ళ మీద చాలా రోజులు కోపంగా ఉండేది. తర్వాత నా మీద నాకే బాధ ఎక్కువైంది. మొదటి రోజే టేపు పట్టుకుని ఉంటే, గోడలు పోయినా ఆ బడి కాగితం మీదైనా మిగిలేది. అప్పటి నుంచి ఒకే ప్రశ్న పట్టుకున్నాను: నిలిచిన పాత బళ్ళు ఎందుకు నిలిచాయి? ఆ వెతుకులాట నన్ను జపాన్‌లోని నాగానో రాష్ట్రంలో, కొండల మధ్య ఉన్న మత్సుమోతో పట్టణానికి తీసుకెళ్ళింది. అక్కడి కైచి ప్రాథమిక పాఠశాల 1876లో కట్టింది. 1963 దాకా అందులో పిల్లలు చదువుకున్నారు. 2019లో ఆ దేశం దాన్ని జాతీయ నిధిగా ప్రకటించింది. అక్కడ ఆధునిక బడి భవనం ఒకదానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. భూకంపాలకు తట్టుకునేలా బలపరచడానికి 2021లో మూసి, 2024 నవంబరులో మళ్ళీ తెరిచారు. ఆ తర్వాత వెళ్ళి, నాలుగు రోజులు అక్కడే కూర్చుని రాసుకున్న నోట్సే ఈ కేస్ స్టడీ.

ఊరు, ఆ పదేళ్ళు

మత్సుమోతో కోట ఊరు. నల్లటి చెక్క పలకలతో ఉండే ఆ కోట బురుజు 16వ శతాబ్దం చివరిది. 1868లో మెయిజీ చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం వచ్చాక సంస్థానాలు పోయాయి, దొరల కోటలు ఎవరికీ అక్కర్లేనివయ్యాయి. 1872లో ఈ కోటను 235 ర్యోలకు (ర్యో అంటే అక్కడి పాత నాణెం) వేలం వేశారు. కొన్నవాడు దాన్ని విప్పి చెక్క అమ్ముకోవాల్సిందే. ఇచికావా ర్యోజో అనే స్థానికుడు పూనుకుని, కోటలోనే ఎగ్జిబిషన్లు పెట్టించి, వచ్చిన టికెట్ డబ్బులతో దాన్ని తిరిగి కొనిపించాడు. తర్వాత 1903 నుంచి పదేళ్ళు సాగిన మరమ్మతుకు ముందు నిలబడిన కొబయాషి ఉనారి ఆ ఊరి మాధ్యమిక పాఠశాల హెడ్మాస్టరు. బడి కథలోకి వెళ్ళే ముందు ఈ కోట కథ ఎందుకంటే, పాతదాన్ని దక్కించుకోవడం ఆ ఊరికి అలవాటైన పని.

అదే ఊళ్ళో, అదే కాలంలో, గుళ్ళకు మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. కొత్త ప్రభుత్వం జపాన్ సొంత మతమైన షింతోను పైకెత్తింది. దాంతో చాలా చోట్ల బౌద్ధ దేవాలయాలను మూసేశారు, కొన్నిటిని కూల్చేశారు. మత్సుమోతో సంస్థానంలో ఇది మరీ తీవ్రంగా సాగింది. దొరల కుటుంబపు గుడి జెన్‌క్యూఇన్ కూడా మూతబడింది. 1873లో కైచి పాఠశాల మొదలైంది ఆ ఖాళీ గుడిలోనే.

1872లో జపాన్ ప్రభుత్వం విద్యా శాసనం తెచ్చింది. ఊళ్ళో చదువులేని ఇల్లు ఉండకూడదు, ఇంట్లో చదువులేని మనిషి ఉండకూడదు అన్నది దాని ముందుమాటలోని మాట. దేశాన్ని ఎనిమిది విశ్వవిద్యాలయ మండలాలుగా, ఒక్కోదాన్ని 32 మాధ్యమిక మండలాలుగా, వాటిలో ఒక్కోదాన్ని 210 ప్రాథమిక మండలాలుగా విడగొట్టారు. లెక్క కడితే 53,760 ప్రాథమిక బళ్ళు. కాగితం మీద అంకె బాగానే ఉంది. డబ్బు మాత్రం ఊళ్ళే పెట్టుకోవాలి, పిల్లల తల్లిదండ్రులు ఫీజు కట్టాలి. పొలం పనికి అందివచ్చే పిల్లాణ్ణి బడికి పంపి పైగా డబ్బు కట్టడమేమిటని జనం మండిపడ్డారు. 1873లో కొన్ని ప్రాంతాల్లో లేచిన తిరుగుబాట్లలో బడి భవనాలు తగలబెట్టారు కూడా.

అలాంటి రోజుల్లో మత్సుమోతో వాళ్ళు బడి కట్టుకున్నారు. ఖర్చు సుమారు 11,000 యెన్‌లు. అందులో దాదాపు 70 శాతం ఊరివాళ్ళ చందాలు. అప్పట్లో మత్సుమోతో కేంద్రంగా చికుమా అనే రాష్ట్రం ఉండేది. దాని గవర్నరు నాగయామా మోరితేరు చదువు విషయంలో పట్టుదల మనిషి. ఆయన ఒత్తిడి లేకుండా ఆ చందాలు అంత వచ్చేవి కావు. అయినా అధికారి చెప్పినంత మాత్రాన జనం ఊరికే ఇవ్వరు. చేతిలోంచి డబ్బు జారాలంటే ఎదురుగా చూపించడానికి ఏదో ఉండాలి. ఆ చూపించే వస్తువును తయారుచేసే పని ఒక వడ్రంగి మీద పడింది.

తతేయిషి సెయిజూ

తతేయిషి సెయిజూ మత్సుమోతో వడ్రంగి మేస్త్రీ. ఇప్పటి అర్థంలో ఆర్కిటెక్ట్ కాడు. దూలం, వాసం, కూసం ఎలా కుదురుతాయో చేతులకు తెలిసిన మనిషి. పాశ్చాత్య పద్ధతిలో బడి కట్టాలన్నారు. ఆయన ఎక్కడా నేర్చుకోలేదు, నేర్పేవాళ్ళూ దగ్గర్లో లేరు. అందుకని ఊరు దాటి వెళ్ళి చూసొచ్చాడు. టోక్యోలో తర్వాత విశ్వవిద్యాలయంగా మారిన కైసెయి పాఠశాల లాంటి కొత్త భవనాలు చూసి, కొలతలు, బొమ్మలు నోట్‌బుక్కులో గీసుకున్నాడు. తిరిగొచ్చి తన బడికి డ్రాయింగులు వేశాడు.

ఆ డ్రాయింగులు ఇవాళ్టికీ ఉన్నాయి. నా దృష్టిలో ఈ కేసు మొత్తానికి ఇదే కీలకం. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆయన చేసిన దానికి జపనీయులు గియోఫూ అని పేరు పెట్టారు, పాశ్చాత్య శైలిని పోలినది అని. చాలాకాలం ఆ మాటలో కాస్త చిన్నచూపు ఉండేది. అసలు తెలియక చేసిన అనుకరణ అన్నట్టు. నేనూ ఫోటోల్లో చూసినప్పుడు అలాగే అనుకున్నాను. ఎదురుగా నిలబడ్డాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

చెయ్యి పెట్టి చూస్తే

రెండంతస్తుల చెక్క కట్టడం. పెంకుల కప్పు. నడిమధ్యలో కప్పు మీద ఎనిమిది మూలల బురుజు. గోడలు తెల్లగా ఉంటాయి, మూలల్లో మాత్రం బూడిదరంగు చెక్కుడు రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. మన దగ్గర పాత కలెక్టరేట్లు, కోర్టుల మూలల్లో చూస్తామే, అలాంటివే. గోడ అడుగున కూడా రాతి వరస.

దగ్గరికెళ్ళి చూస్తే అక్కడ ఒక్క రాయీ లేదు. అంతా సున్నం. లోపల చెక్క చట్రం, పైన సున్నపు పూత. రాయి ఉన్నట్టు కనిపించాలని మూలల్లో పూతను ఉబ్బెత్తుగా వేసి, రాళ్ళ మధ్య సందుల్లా గాళ్ళు తీసి, రంగు కలిపారు. మొదటి రోజు సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఒక మూల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం రాయిలా కనిపించింది, ఆ వెలుగులో తాపీ పనిలా కనిపించింది. అంచులు ఉలి దెబ్బ తిన్నట్టు పదునుగా లేవు, తాపీ తిరిగిన చోట కొంచెం మెత్తగా ఒంగి ఉన్నాయి.

జపాన్ మేస్త్రీలు ఈ పూతను షిక్కుయి అంటారు. సున్నంలో జనపనార లాంటి పీచు కలుపుతారు, పగుళ్ళు రాకుండా. ఒక రకం సముద్రపు నాచును ఉడకబెట్టి తీసిన జిగురు కలుపుతారు, పూత తొందరగా ఆరిపోకుండా, తాపీకి సాగేలా. మన మేస్త్రీలు కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు ఎందుకు కలిపేవారో ఈ నాచు జిగురూ అందుకే. ఏ ఊరి మేస్త్రీ ఆ ఊళ్ళో దొరికేది వాడాడు. సున్నం గుణం మాత్రం ఎక్కడైనా ఒకటే: గోడలో చేరిన తేమను బయటికి పోనిస్తుంది. దాని మీద సిమెంటు కొడితే తేమ లోపలే ఉండిపోతుంది, లోపలున్న చెక్క కుళ్ళుతుంది, ఇటుక పిండిలా రాలుతుంది. మన దగ్గర పాత బళ్ళ గోడలు నడుము ఎత్తు దాకా పొక్కులు పొక్కులుగా ఊడిపోవడానికి నేను చూసిన కారణాల్లో ఎక్కువసార్లు ఇదే. వయసు మీద నెపం వేస్తారు. గోడకు చెరుపు చేసింది పైన కొట్టిన సిమెంటు.

ఇక ముందు గుమ్మం. ఎవరు వెళ్ళినా కెమెరా ముందు అటే తిరుగుతుంది. వాకిలి పైన చెక్కడపు డ్రాగన్. దాని పైన బాల్కనీ, మేఘాల చెక్కడం. అన్నిటికన్నా పైన జపాన్ గుళ్ళకూ కోటలకూ పెట్టే, విల్లులా వంగిన కప్పు. ఆ వంపు కింద రెక్కలున్న ఇద్దరు దేవదూతలు బడి పేరు రాసిన పట్టీని చెరోవైపు పట్టుకుని ఉంటారు. ఒకే గుమ్మంలో బౌద్ధుల మేఘం, చైనా నుంచి వచ్చిన డ్రాగన్, క్రైస్తవుల దేవదూతలు.

తతేయిషికి దేవదూతలు ఎక్కడ దొరికారు? చర్చిలో కాదు. టోక్యో నిచినిచి అనే పత్రిక వార్తలను 1874లో రంగు బొమ్మల పటాలుగా అచ్చువేసి అమ్మేవారు. ఆ పటాల మీద పత్రిక పేరున్న పట్టీని ఇద్దరు దేవదూతలు పట్టుకుని ఉండేవారు. ఆ బొమ్మ ఈయనకు నచ్చింది. పత్రిక పేరు తీసి బడి పేరు పెట్టాడు. ఆ రోజుల్లో లోకం గురించి కొత్త సంగతి ఏదైనా ఆ ఊరి సామాన్యుడికి తెలిసేది అలాంటి కాగితం వల్లే. దాని తలకట్టును తెచ్చి బడి గుమ్మానికి ఎత్తాడు. ఏ పుస్తకం చదవకుండానే ఆయనకు బడి అంటే ఏమిటో తెలుసు అనిపించింది. నాకు మా చిలకలు గుర్తొచ్చాయి. పలుకు నేర్చేది చిలక కదా అని ఆ మేస్త్రీ కూడా అనుకుని ఉంటాడు.

లోపల

నడవ మధ్యలో, గదులు రెండు వైపులా. గుడిలోనో ఇంట్లోనో చాప మీద కలిసి కూర్చుని ఒక్కొక్కరే గురువు దగ్గరికి వెళ్ళి పాఠం అప్పజెప్పే పద్ధతి నుంచి, ఒకే వయసు పిల్లలు ఒక గదిలో బల్లల మీద కూర్చుని ఒకేసారి వినే పద్ధతికి మారిన కాలం అది. మన వీధి బడిలోనూ అంతే కదా, అరుగు మీద ఇసుకలో దిద్దే పిల్లాడు, పక్కనే ఎక్కాలు వల్లించే పిల్లాడు. తరగతి గది అనేదే లేదు. కొత్త పాఠానికి కొత్త గది కావాల్సి వచ్చింది. ఈ బడి ప్లాను చదివితే ఆ మార్పు కళ్ళకు కడుతుంది: గది, తలుపు, నడవ, మళ్ళీ గది.

కిటికీలకు గాజు పెట్టారు. మనకిది గొప్పగా అనిపించదు. అప్పటికి ఆ ఊళ్ళో ఇళ్ళ కిటికీలకూ తలుపులకూ ఉండేది కాగితం. విదేశాల నుంచి వచ్చిన గాజు కొండలు దాటి రావాలి.  పై అంతస్తులోని సభాగది కిటికీల్లో రంగు గాజు పలకలు కూడా ఉన్నాయి. పొద్దున నేను వెళ్ళినప్పుడు నేల మీద ఎరుపు, నీలం మరకలు పడి ఉన్నాయి, మబ్బు రాగానే పోయాయి.

తలుపులను మాత్రం కొంచెం ఆగి చూడాలి. కొన్ని తలుపులు గుడి తలుపులు. పూల చెక్కడం ఉన్నవి. మూతబడిన గుళ్ళ చెక్కను, గుండ్రటి స్తంభాలను, తలుపులను తతేయిషి తన బడిలో వాడాడు. ఖర్చు కలిసొస్తుందన్నది ఒక కారణం. మంచి చెక్కను పారేయడం వడ్రంగికి మనసొప్పని పని. కూలిన గుడి ముక్కలు బడిలో కలిసి బతికాయి. వాటి పక్కనే నడుస్తుంటే, గుళ్ళు కూల్చిన తప్పు దీనితో తీరిపోదు కానీ, ఆ చెక్క చెక్కిన చేతులకు మాత్రం కొంత న్యాయం జరిగింది అనిపించింది.

బురుజు సంగతి. నాగానో రాష్ట్రంలోనే సాకు అనే ఊళ్ళో నకాగోమి అనే మరో బడి ఉంది, 1875లో కట్టింది. దానికీ ఎనిమిది మూలల బురుజే. కట్టిన ఇచికావా దైజిరో అమెరికా వెళ్ళొచ్చినవాడు. తతేయిషి ఆ దేశాలు చూసినవాడు కాదు. కానీ రెండు ఊళ్ళూ ఒకే కోరిక కోరాయి, బడి దూరం నుంచి కనపడాలని. కోట బురుజు ఒక్కటే ఎత్తుగా ఉండే ఊళ్ళో, దాని తర్వాత తలెత్తి చూడాల్సింది పిల్లల బడి అయింది. ప్లానులో ఈ బురుజుకు తరగతిగా ఉపయోగం లేదు. అయినా ఖర్చు తగ్గించమంటే నేనైతే దాన్ని తీసేయను.

తొంభై ఏళ్ళ వాడకం

భవనం గురించి రాసేవాళ్ళు 1876 దగ్గర ఆగిపోతారు. మరమ్మతు పనిలో ఉన్నవాళ్ళకు ఆ తర్వాతి ఏళ్ళే ముఖ్యం. 1880లో మెయిజీ చక్రవర్తి యాత్రలో భాగంగా ఈ బడికి వచ్చాడు. అది బోర్డుల మీద ఉండే విషయం. నన్ను ఆపేసింది ఇంకొకటి.

1899లో ఇక్కడ పసిపిల్లలను ఎత్తుకుని తిరిగే ఆడపిల్లలకు ఒక తరగతి పెట్టారు. పేదింటి అమ్మాయిలు ఎనిమిది, పదేళ్ళకే పరాయి ఇళ్ళలో పసిపిల్లలను చూసుకునే పనికి కుదిరేవారు. చంటిబిడ్డను వీపుకు కట్టుకునే తిరగాలి, కాబట్టి బడికి రాలేరు. ఈ బడి, బిడ్డతోనే రమ్మంది. తరగతి గదిలో ఒక బిడ్డ ఏడుస్తుంటుంది, ఇంకోటి నిద్రపోతుంటుంది, ఈ అమ్మాయి అక్షరాలు దిద్దుతుంటుంది. విద్యా శాసనంలోని ఆ ముందుమాట నిజమైంది 1872లో కాదు, ఆ గదిలో. అంతకుముందు చదువులో వెనకబడిన పిల్లలకు విడిగా తరగతి, చిన్నపిల్లలకు బాలవాడి కూడా ఇక్కడ మొదలయ్యాయి. ఈ సంగతులన్నీ మనకు తెలుస్తున్నది బడి రికార్డులు మిగలడం వల్ల. హాజరు పట్టీలు, పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయుల రాతలు. బడి మారినా, ప్రభుత్వాలు మారినా, యుద్ధం వచ్చి పోయినా వాటిని ఎవరూ తూకానికి వేయలేదు.

తరలింపు

బడి మొదట ఊరి మధ్యలో మెతోబా నది ఒడ్డున ఉండేది. 1961లో దాన్ని దేశ ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించారు. అప్పటికే నదిని బాగుచేసి విస్తరించే పని ముందుకొచ్చింది. భవనం అక్కడ ఉండే వీలు లేకపోయింది. 1963 మార్చి దాకా పిల్లలు అందులోనే చదివారు. ఆ తర్వాత భవనాన్ని విప్పి, కోటకు ఉత్తరాన కొత్త చోట 1964 నాటికి తిరిగి నిలబెట్టారు. 1965 నుంచి అది విద్యా మ్యూజియం. పక్కనే కొత్త కైచి ప్రాథమిక పాఠశాల నడుస్తోంది. గంట కొట్టగానే పిల్లల అరుపులు పాత బడి కిటికీల దాకా వినిపిస్తాయి.

చెక్క కట్టడాన్ని విప్పి కట్టడం జపాన్ వడ్రంగులకు తెలిసిన పని. మేకులకన్నా ఒక చెక్క ఇంకోదానిలో దిగే కుసుల మీద, చీలల మీద నిలిచే చట్రం కాబట్టి విప్పితే ఊడుతుంది. ప్రతి ముక్క మీదా వరస, స్థానం గుర్తు రాసి, పుచ్చిన భాగం వరకే కోసి, కొత్త చెక్కను అతికి, మళ్ళీ అదే చోట పెడతారు. సున్నపు పూత మాత్రం విప్పి తేగలిగేది కాదు. దాన్ని కొత్తగా వేయాల్సిందే. అంటే నేను సాయంత్రం ఎండలో చూసి మురిసిన ఆ మూలలో, తతేయిషి కాలపు మేస్త్రీ తాపీ జాడ ఉండే అవకాశం తక్కువ. ఇది ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టింది. కానీ అదే చేతిపని, అదే సున్నం, అదే గీత.

ఇక్కడే ఈ వృత్తిలో అందరూ వాదించుకునే ప్రశ్న వస్తుంది. తిరిగి కట్టేటప్పుడు ఏ ఏడాది నాటి భవనంగా కట్టాలి? తొంభై ఏళ్ళలో బడి అవసరాలకు ఎన్నో మార్పులు చేసి ఉంటారు. అవీ చరిత్రే. మత్సుమోతో వాళ్ళు మెయిజీ నాటి మొదటి రూపానికి తీసుకెళ్ళారు. వెనకవైపు పొడవాటి తరగతుల విభాగం అంతా ఇప్పుడు లేదు. మనం చూస్తున్నది ముఖ్యంగా ముందు భాగాన్ని. నాకు ఈ నిర్ణయం పూర్తిగా సమ్మతం కాదు. బిడ్డలను వీపున మోసుకొచ్చిన అమ్మాయిలు కూర్చున్న 1899 నాటి బడి 1876 నాటి ముఖం వెనక్కి వెళ్ళిపోయింది. కానీ వాళ్ళు ఊహించి కట్టలేదు అన్నది మాత్రం నిజం. తతేయిషి వేసిన డ్రాయింగులు చేతిలో పెట్టుకుని కట్టారు. ఆధారం లేని చోట అందంగా ఉంటుందని ఏదో కల్పించడం మా వృత్తిలో పెద్ద పాపం. ఆ పాపం చేయాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు, మేస్త్రీ గీసిన కాగితాన్ని ఎవరో జాగ్రత్త చేశారు కనుక. 2019లో జాతీయ నిధిగా ప్రకటించినప్పుడు ఆ డ్రాయింగులకూ భవనంతో పాటు చోటు దక్కింది.

మన బళ్ళ దగ్గరికి

జపాన్ చెక్క బడికీ మన ఇటుక బడికీ పోలిక ఎంతవరకు అని అడగవచ్చు. మనదాన్ని విప్పి ఇంకోచోట కట్టలేం. మద్రాసు టెర్రస్ కప్పును చూడండి. టేకు వాసాల మీద చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో, సున్నంతో అతికి పేరుస్తారు. దాని మీద ఇటుక కంకర, సున్నం కలిపిన గచ్చు వేసి, కరక్కాయ బెల్లం నీళ్ళు చల్లుతూ చెక్క బద్దలతో రోజుల తరబడి కొడతారు. ఆ గచ్చు ఒకసారి పగిలితే తీసి మళ్ళీ కొట్టాల్సిందే. కానీ దాని రోగం ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది, వాసం చివర గోడలోకి దిగిన జానెడు మేర. అక్కడ గాలి ఆడదు. వాన నీళ్ళు పారే గొట్టం మూసుకుపోతే తేమ అక్కడికే చేరుతుంది. కారుతోంది కదా అని పైన సిమెంటు పొర వేస్తారు, కప్పు మీద బరువు పెరుగుతుంది, కింద చెక్క పుచ్చుతూనే ఉంటుంది. ఒకరోజు పెచ్చు ఊడి పిల్లల బెంచీ మీద పడుతుంది. ఆ టెన్షన్‌లో హెడ్మాస్టరు కూల్చేయమంటే ఆయన్ని తప్పుపట్టలేం. పిల్లల ప్రాణం ముందు ఏ వారసత్వమూ పెద్దది కాదు.

నేను అడిగేది అంతకుముందు చేయాల్సిన పని గురించి. 2019 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు, 2022లో తెలంగాణలో మన ఊరు మన బడి మొదలయ్యాక ఎన్నో బళ్ళకు మరుగుదొడ్లు, తాగునీరు, బెంచీలు వచ్చాయి. అవి రావాల్సినవే. పని మొదలుపెట్టే ముందు పాత భవనం ఉన్న బడిలో ఒక్క రోజు కొలతలకు ఇస్తే చాలు. దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. నలుగురు పిల్లలకు ఒక టేపు, గ్రాఫ్ కాగితం, ఫోను. ప్లాను ఒకటి. ముందు గోడ ఒకటి. కప్పును అడ్డంగా కోసినట్టు చూపే గీత ఒకటి, వాసం ఎంత లావు, ఎంత దూరానికొకటి అని. గుమ్మం, కిటికీ, ఒక తూము, మేస్త్రీ చేసిన నగిషీ ఏదుంటే అది, అసలు కొలతలో. బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లు బీరువా పైన ఉంటాయి, చెదలు పట్టకముందే వాటికి ఫోటోలు. భవనాన్ని ఆపడం మన చేతుల్లో ఉండకపోవచ్చు, ఇది ఉంటుంది.

పోయిన నెల ఒక బడికి వెళ్ళాను. దీనికి నన్నెవరూ పిలవలేదు, దారిలో కనిపించి దిగాను. హెడ్మాస్టరు ఒప్పుకుని నాలుగో తరగతి పిల్లలను తోడిచ్చారు. వాకిలి కమాను మీద సున్నంతో చేసిన తీగ ఒకటి ఉంది, సగం రంగుల కింద పూడిపోయింది. నిచ్చెన మీద నేను, కింద టేపు చివర పట్టుకుని ఒక పాప. అంకె చదివి చెప్పమన్నాను. ఒకసారి చెప్పింది. మళ్ళీ వంగి చూసుకుని, "కాదు మేడం, ఒక గీత తక్కువ" అంది. కొట్టేసి సరిచేసి రాసుకున్నాను.